వంద రోజుల తర్వాత ఏ వారం

‘ఈ రోజు శుక్రవారం. వంద రోజుల తర్వాత ఏ వారం వస్తుంది? ఎలా కనుక్కున్నారో రాయండి.’

లెక్కల పేపర్లో ఆ ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది.

ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేస్తూ, చిలకలూరిపేట వచ్చి ఓపెన్ టెన్త్ రాస్తున్నాను. పాసైతే టీచరు పోస్టుకు పెట్టుకోవచ్చు. వచ్చే ఏడాదికి దానికి నా వయసు దాటిపోతుంది. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి, లెక్కలే మిగిలాయి.

వందను ఏడుతో భాగించాను. పద్నాలుగు వారాలు పోగా రెండు మిగిలాయి. శుక్రవారం ఒకటి, శనివారం రెండు. శనివారం అని రాసేశాను.

నా వెనక బెంచీలో పక్క ఊరి ఆయా కూర్చుంది. “వదినా, శనివారమేగా?” అని గొణిగింది.

“ఏమ్మా, పిల్లల్ని అదిలించాల్సినోళ్లు మీరే మాట్లాడితే ఎట్లా? పేపరు లాక్కుంటాను,” అన్నాడు కాపలా ఉన్న మాస్టారు.

తల దించుకున్నాను. చెవులు వేడెక్కాయి. ఇద్దరికీ ఒకటే వచ్చినందుకు ధైర్యం రావాలి గానీ నాకు భయం పట్టుకుంది. ఇద్దరం మిరప కోతల్లో పెరిగినవాళ్లమే. శుక్రవారం కోత ముగిశాక మేస్త్రి “ఎనిమిదో రోజుకి మళ్లీ రండే” అంటే, పై శుక్రవారం వెళ్లేవాళ్లం. కోసిన రోజునే ఒకటిగా లెక్కపెట్టడం మాకు అలవాటు. మరి పుస్తకం లెక్క కూడా అంతేనా?

చిన్న అంకెతో చూద్దామనుకున్నాను. శుక్రవారం నుంచి ఏడు రోజుల తర్వాత మళ్లీ శుక్రవారమే. ఏడును ఏడుతో భాగిస్తే మిగిలేది సున్నా. అంటే ఈ రోజు ఒకటి కాదు, సున్నా. రేపటి శనివారం ఒకటి. రెండు మిగిలితే ఆదివారం!

“ఐదు నిమిషాలే ఉన్నాయి, దారాలు కట్టుకోండి,” అన్నాడాయన.

చెమటకు పెన్ను జారుతోంది. శనివారం కొట్టేసి, పక్కన ఇరుకులో ఆదివారం అని రాశాను. మొదటి రోజు సున్నా ఎందుకైందో రాస్తుండగానే పేపరు తీసుకున్నారు.

గేటు దగ్గర నా జవాబు చెప్పగానే వెనక బెంచీ ఆవిడ నన్ను నిలదీసింది. “ఆదివారమా? ముంచావు కదా వదినా! తలన్నా ఊపకపోయావా?”

“పేపరు పోతే నువ్వు తెచ్చిస్తావా? నాకే చివర్లో తట్టింది.”

ఫలితాలు వచ్చిన రోజు ఆవిడే ఫోను చేసింది. “శనివారం రాసినా పాసైపోయాను వదినా! నీకెన్ని?”

“ముప్పై ఐదు.”

పాసవడానికి కావలసిందీ అంతే.

“అయితే నీకు ఆదివారమే దిక్కయిందే,” అంది.