తేదీ లేని నివేదిక

మా పిన్నికి లెక్కల పిచ్చి. ఎవరైనా "అందరూ అదే అంటున్నారు" అంటే చాలు, అందరూ అంటే ఎంతమంది, ఎప్పుడు అడిగావు అని ప్రాణం తీసేది. ఆమెతో కబుర్లంటే బోనెక్కడమే. అంతటి మనిషీ ఒక్క కాగితం దగ్గర కాలు జారింది.

ఆమె నీటి పరీక్షల ఆఫీసులో గుమస్తా. తొమ్మిదేళ్ల కిందట మా వీధిలో పదకొండు ఇళ్ల కుళాయి నీళ్లు పరీక్షిస్తే పదింట్లో బాగున్నాయి. "నూటికి తొంభై ఒక్క ఇళ్లలో నీళ్లు మంచివి" అని నివేదిక టైపు చేసింది. ఎన్ని ఇళ్లో అందులో రాయలేదు, రిజిస్టరులో ఉందిగా అనుకుంది. తేదీ కూడా వేయలేదు. అది సంతకం పెట్టే అధికారి వేయాలని ఆ ఆఫీసు ఆనవాయితీ. సంతకం పెట్టకుండానే ఆయనకు బదిలీ అయింది. కాగితం ఫైల్లో ఉండిపోయింది.

తర్వాత మా వీధి వెనక రంగుల మిల్లు వచ్చింది. కుళాయి నీళ్లు తాగిన పిల్లలు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయారు. కొత్త పైపు వేయమని అర్జీ పెడితే, ఇప్పటి అధికారి ఆ పాత కాగితం బయటికి లాగాడు.

పిన్ని ఆయన గదికి పరుగెత్తింది, వెనకే నేనూ. అవి మిల్లు రాకముందు లెక్కలనీ, చూసింది పదకొండు ఇళ్లేననీ, మళ్లీ పరీక్షించాలనీ నెత్తీనోరూ బాదుకుంది. రిజిస్టరు తెమ్మన్నాడాయన. ఆఫీసు మారినప్పుడు అది చిత్తుకాగితాల్లో పోయింది.

"నువ్వే రాసి నువ్వే కాదంటే, నేనెవరి మాట నమ్మాలమ్మా?"

అర్జీ కొట్టేశాడు. కాగితం అరకొరగా ఉండకూడదంటూ దానిమీద సంతకం పెట్టి, ఆ రోజు తేదీ వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. 

"తప్పు నాదేనే," అంది పిన్ని నాతో.

మర్నాడు పొద్దున్నే ఆ నివేదిక, కింద పిన్ని పేరుతో సహా, వీధి కుళాయి పక్క గోడమీద అంటించారు. మేం చూసి పరుగున వెళ్లేసరికి, నెలల తరబడి క్యాన్ల నీళ్లు కొంటున్న పక్కింటావిడ అక్కడ బిందె నింపుకుంటోంది. పిన్నిని చూడగానే ఆవిడ మొహం వికసించింది.

"నిన్ననే మళ్లీ పరీక్ష చేయించారటగా. మీ మేలు మరిచిపోలేనండీ."

పిన్ని వద్దు వద్దంటూ చెయ్యి చాచింది. అప్పటికే ఆవిడ కూతురు గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం కావాలని అడుగుతోంది.