రేపటి గాలికి ఒక గడి

మొన్న హన్మకొండలో ఒక పెళ్ళి విందుకు వెళ్ళాను. ఫంక్షన్ హాలు గోడ నిండా సీరియల్ బల్బులు వేలాడదీశారు. టకటక వెలిగి ఆరే రకం కాదు. నెమ్మదిగా వెలుగు నింపుకుంటున్నాయి, అంత నెమ్మదిగానూ ఒంపేసుకుంటున్నాయి, అన్నీ ఒక్కసారే చీకటవుతున్నాయి. చేతిలో ప్లేటు పట్టుకుని వాటినే చూస్తూ నిలబడిపోయాను. ఆరిన ప్రతిసారీ నా ఊపిరి ఒక్క లిప్త ఆగుతోంది. కుడిచెయ్యి ఖాళీగా ఉంటే ఏ పిడినో పట్టుకుని ఉండేదే. 'అన్నం చల్లారుతాంది, తినరాదుండ్రి' అని ఎవరో అన్నారు. నాకు సమ్మయ్య సార్ గొంతు వినిపిస్తోంది.

'వెలుగు చూసి తొందరపడొద్దు తమ్మీ. ఇది చీకట్ల కలవాలె.'

ఎనభైల మొదట్లో ఒక ఆషాఢమాసపు మధ్యాహ్నం అది. పాలకుర్తి దాటాక ఒక చిన్న ఊరి పక్కన గుట్ట, గుట్ట మీద గాలిమర, దాని కాళ్ళ దగ్గర రేకుల గది. గదిలో చెక్కపలక మీద మూడు బల్బులు. ఒక పక్క నుంచి గాలిమర కరెంటు, రెండో పక్క నుంచి సర్కారు లైను కరెంటు వచ్చి ఆ బల్బుల దగ్గర ఎదురుపడుతున్నాయి. రెంటి లయా వేరువేరుగా ఉన్నంతసేపూ బల్బులు వెలిగి ఆరుతుంటాయి. లయలు దగ్గరయ్యేకొద్దీ ఆ వెలగడం, ఆరడం నిదానిస్తుంది. మూడూ పూర్తిగా ఆరిన క్షణంలో స్విచ్ వెయ్యాలి. వెలుగులో వేస్తే ఇరుసు విరుగుతుంది.

గడప దగ్గర విద్యుత్ శాఖ ఇంజనీరు దక్షిణామూర్తి గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. బల్బులు నిండాయి, ఆరాయి. స్విచ్ పిడి మీద చెయ్యి వేసి ఉన్న సమ్మయ్య సార్ కదలలేదు. మళ్ళీ నిండాయి, ఇంకా నింపాదిగా ఆరాయి. అప్పుడూ కదలలేదు. మూడోసారి చీకటి పడుతుండగా ఆయన పిడి నొక్కేశారు. 'ఠక్'మని ఒక శబ్దం, అంతే. బల్బులు ఇక వెలగలేదు. బయట అంతసేపూ బుసకొడుతూ ఎగిరెగిరి తిరుగుతున్న రెక్కలు, కాడి మీదికి వచ్చిన ఎద్దులా ఒక్క నడకకు వచ్చాయి. సార్ బయటికి వెళ్ళి గుట్ట దిగుతున్న తీగల వంక చూస్తూ అన్నారు: 'ఇగ ఈ గాలి ఒంటరిది కాదు.'

సమ్మయ్య సార్ ఇంజనీరింగు కాలేజీలో విద్యుత్ పాఠాలు చెప్పేవారు. హన్మకొండలో వాళ్ళింటి పై గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. ఒక దినపత్రికకు విలేకరిగా చేరిన కొత్త. పొద్దున్నే పేపరు కోసం మెట్లెక్కి వచ్చేవారు. మొదటి పేజీ వదిలేసి వాతావరణం ముక్క చదివి నవ్వుకునేవారు. 'చెదురుమదురు జల్లులు పడవచ్చు అంటాండు. పడకపోవచ్చు అన్నా గదే మాట గదా. మీ పేపరాయన ఎన్నడూ తప్పడు.' పొట్టి మనిషి, అంచులు నలిగిన ఖద్దరు చొక్కా, జేబులో ఎప్పుడూ ఒక టెస్టర్.

కరెంటు అంటే వైరూ బల్బూ అనుకునే నాకు ఆయన దాని అసలు రూపం చూపించింది పిండి గిర్నీలో. జొన్నలు పట్టించుకోవడానికి ఇద్దరం వరుసలో ఉన్నాం. నా చెయ్యి తీసి గోడకు ఆనించారు. గోడంతా సన్నగా గుంయ్‌మంటోంది.

'ఈ సప్పుడు ఎవలిది అనుకున్నవు?'

'గిర్నీది సార్.'

'కాదు. కృష్ణ ఒడ్డున నీళ్ళతోని తిరిగే చక్రం గీ లయలనే తిరుగుతాంది. గోదావరి ఒడ్డున బొగ్గుతోని తిరిగేది గూడ గిదే లయ. అన్నీ ఒక్క అడుగు మీదనే నడుస్తయి. ఒకటి జర ఎనుకబడ్డదనుకో, మిగతయి దాన్ని గుంజుకపోతయి. నువ్వు ఇంట్ల ఫ్యాను ఏసినవంటే ఆ చక్రాలన్నిటికి గంత బరువు తెలుస్తది.'

పిండి తెల్లగా రాలుతోంది. నా అరచేతిలో రెండు నదులు కదులుతున్నట్టు ఉంది. ఆ తర్వాత ఎంతోమంది పెద్దవాళ్ళను కలిశాను, ఎన్నో ఆనకట్టల మీద నడిచాను. ఆ గోడ దగ్గర కలిగిన నివ్వెరపాటు మళ్ళీ కలగలేదు.

గాలిమరను ఆయనా విద్యార్థులూ కలిసి కాలేజీ వర్క్‌షాపులో తయారు చేశారు. గుట్ట కింద లచ్చమ్మక్క మగ్గాల షెడ్డు ఉండేది. కొత్తవాడలో నేల మీద పరిచే జంపకానలు నేసే ఇంట్లో పుట్టిన మనిషి. అత్తగారి ఊళ్ళో పాత పవర్‌లూమ్ మగ్గాలు నాలుగు తెచ్చి పెట్టుకుంది. లైను చివరి ఊరు కావడంతో వోల్టేజీ ఉండేది కాదు. బావుల మోటార్లు నడిస్తే మగ్గాలు ఆగాలి, మగ్గాలు నడవాలంటే మోటార్లు ఆగాలి. అందుకని పగటిపూట షెడ్డుకు కరెంటు ఇచ్చేవారు కాదు. గాలిమర అయినా నడిపిస్తుందని మొదటి ఏడు దాన్ని విడిగా షెడ్డుకే కలిపారు. ఎట్లా ఉందని అడిగితే ఆమె అన్న మాటలు ఇంకా గుర్తు.

'గాలొస్తే మగ్గానికి దయ్యం పడుతాంది సారూ, పోతే పీనుగయితాంది. నడుమ బల్బులు పటపట పగులుతానయి. జంపకాన నేస్తాన్ననో జాతర చూస్తాన్ననో నాకే సమజయితలేదు.'

సార్ నవ్వారు గానీ అది మనసులో పెట్టుకున్నారు. ఒంటరి గాలికి ఊగడం తప్ప నడవడం రాదనీ, నడక నేర్వాలంటే పెద్ద లైనులో కలవాలనీ ఆయన తేల్చుకున్నది అప్పుడే. కలిపితే లైను చివర బలం పెరుగుతుంది, మోటార్లూ మగ్గాలూ కలిసి నడుస్తాయి. దానికి ఇంజనీరు గారి అనుమతి కావాలి. తోడు రమ్మంటే వెళ్ళాను.

దక్షిణామూర్తి గారు కృష్ణా జిల్లా మనిషి. ఆయన గదిలో గోడకు ఒక నల్లబల్ల. ఊళ్ళ లైన్లన్నీ అడ్డ వరుసల్లో, వాటి ఎదురుగా రెండేసి గళ్ళు: ఉంది, లేదు. రేపు ఏ లైనుకు పగలు కరెంటు ఉంటుందో ముందురోజు సాయంత్రం సుద్దముక్కతో అక్కడ రాసేవారు.

'మాస్టారూ, కరెంటు గాదెలో పోసి దాచుకునేది కాదు కదండీ,' అన్నారాయన. 'ఇక్కడ ఎంత వాడితే అక్కడ అంతే పుట్టాలి. నీళ్ళయితే గేటెత్తమంటాను. బొగ్గయితే ఇంకాస్త ఎగదొయ్యమంటాను. మీ గాలి కావాలంటే ఎవర్నడగాలి?'

'నన్నడుగుండ్రి,' అన్నారు సార్.

ఇంజనీరు గారు నవ్వలేదు. 'సరే. రేపు గాలి ఉందో లేదో ప్రతి సాయంత్రం మీరొచ్చి చెప్పండి. ఉందంటే పగలు షెడ్డుకు కరెంటు ఇస్తాను. ఒకసారి తప్పితే ఊరుకుంటాను. రెండోసారి తప్పితే తీగ కోయించేస్తాను. శ్రావణం వచ్చేదాకా చూద్దాం.'

మెట్లు దిగుతూ నేనడిగాను, రేపటి గాలి సంగతి ఎట్లా తెలుస్తుంది సార్ అని. 'ఆషాఢం గాలి పడమట నుంచి వస్తది. మనకంటే ముందు వాళ్ళకు తాకుతది. పడమట మీ వాళ్ళు ఎవలున్నరు తమ్మీ?' అన్నారు.

జనగామలో ఉన్నాడు, సిద్దిపేటలో ఉన్నాడు, మెదక్‌లో ఉన్నాడు. వార్తలు చెప్పడానికి రోజూ ఫోన్ చేసే మా చిన్న ఊళ్ళ విలేకరులు. ఆ రోజు నుంచి చావులూ, దొంగతనాలూ, మంత్రుల పర్యటనలూ అయ్యాక ప్రతి ఒక్కరినీ గాలి ఎట్లా ఉందని అడగడం మొదలుపెట్టాను. 'ఏందన్నా, అసలు వార్తలు అయిపోయినయా, గాలి వార్తలు రాస్తానవా?' అని జనగామ అతను ఎగతాళి చేశాడు. తర్వాత వాళ్ళే ఉత్సాహపడ్డారు. ఒకరు 'హోటల్ ముందట తడక పడిపోయింది' అనేవారు, ఒకరు 'సినిమా పోస్టరు ఒక మూల లేచింది' అనేవారు, ఇంకొకరు 'భుజం మీద తువ్వాల నిలుస్తలేదు' అనేవారు. సార్ అవన్నీ శ్రద్ధగా విని ఏ మనిషి మాటను ఎంత కొలవాలో తేల్చుకునేవారు. 'మీ సిద్దిపేటాయన తడక అంటే మనం పోస్టరు అనుకోవాలె. మెదక్ ఆయన ఉన్నదే చెప్తడు.' ఏ ఫోన్ అయినా రాకపోతే ఆర్టీసీ కండక్టర్లను పట్టుకునేవారు. ఇదంతా కలిపి, కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుని, లేచి ఇంజనీరు ఆఫీసుకు నడిచేవారు. పత్రికవాళ్ళం ఎప్పుడూ జరిగిపోయినదే మోసుకొచ్చేవాళ్ళం. మా నోటి మాటల్లోంచే ఆయన ఇంకా రాని రోజును తీసేవారు. నేను రోజూ చూశాను. రోజూ వింతగానే ఉండేది.

గుట్ట మీద ఆ స్విచ్ పడ్డాక చాలా రోజులు మాట నిలిచింది. పొద్దుటి బస్సు కండక్టరు ఊళ్ళో 'ఉంది' అని కేకేసి వెళ్ళేవాడు. షెడ్డులో మగ్గాలు పగలు నడిచేవి. పక్కనే బావుల మోటార్లూ నడిచేవి.

తర్వాత ఒకరోజు తప్పింది. ఉంది అని చెప్పిన గాలి పొద్దెక్కేసరికి ఉన్నట్టుండి చచ్చిపోయింది. మోటార్లూ మగ్గాలూ కలిసి గుంజేసరికి లైను కుంగి ఒక రైతు మోటారు కాలిపోయింది. సార్ ఆ మోటారును బస్సు మీద వేయించుకొచ్చి కాలేజీలో తన చేత్తో కొత్త రాగితీగ చుట్టి మళ్ళీ పంపారు. ఆ సాయంత్రం ఇంజనీరు గారు కోప్పడలేదు. కుర్చీ చూపించి అడిగారు.

'ఈసారి మీరు బాగుచేశారు. ప్రతిసారీ మీరే చెయ్యలేరుగా. గాలి మాట తప్పితే నష్టం ఎవరు మొయ్యాలండీ? గాలిమర పెట్టినవాడా? నమ్మి మోటారు వేసినవాడా? లైను నడిపే నేనా?'

ఏ ప్రశ్నకైనా ఎదురు ప్రశ్న ఉండే మనిషి సార్. ఆ రోజు ఆ మూడు ప్రశ్నలనే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ ఇంటికి నడిచారు.

ఇంకొక్కసారి తప్పితే అంతే. శ్రావణం దగ్గరపడింది. లచ్చమ్మక్క ఒక పెళ్ళివారి జంపకానలు ఒప్పుకుని ఉంది. అట్లాంటి సాయంత్రం ఫోన్లన్నీ అడ్డదిడ్డంగా వచ్చాయి. జనగామలో తువ్వాల నిలవడం లేదు, సిద్దిపేటలో ఆకు కదలడం లేదు, మెదక్ ఫోన్ కలవలేదు. ఉంది అని గాలి రాకపోతే తీగ పోతుంది. లేదు అంటే పెళ్ళివారి పని ఒక రోజు ఆగుతుంది. రేపటి సంగతి తెలుసుకుందామని ఇంజనీరు ఆఫీసుకు వచ్చిన లచ్చమ్మక్క గోడవారన నిలబడి ఉంది. సార్ నల్లబల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు.

'నాకు తెల్వది,' అన్నారు.

ఇంజనీరు గారి చేతిలో సుద్దముక్క ఆగింది. 'తెలియదు అన్నది ఏ గడిలో రాయమంటారు మాస్టారూ?'

'గడి లేకుంటే గీయుండ్రి సార్. ఉందంటే అబద్ధం. లేదన్నా అబద్ధమే. తెల్వదన్నదొక్కటే ఇయ్యాల నా దగ్గరున్న నిజం.'

'గీస్తాను. కానీ ఆ గడిలో పడిన రోజు ఊళ్ళో ఏం చెయ్యాలి? మోటార్లు వెయ్యాలా, మగ్గాలు వెయ్యాలా?'

మాట్లాడింది లచ్చమ్మక్క. 'తెల్వనినాడు నూలు కండెలు చుట్టుకుంటం సారూ. ముసురు పట్టి నూలుకు పెట్టిన గంజి ఆరనినాడు మా కొత్తవాడల గదే జేస్తరు. మగ్గం దిగి కండెలు చుడుతరు, ఎండ పొడిస్తె మగ్గమెక్కుతరు. గాలి కలిసినంక మా షెడ్డుల ఒక బల్బు ఎలిగేటట్టు జెయ్యుండ్రి. ఎలిగితే మగ్గం, ఎలగకుంటె కండె. దీనికి గింత ఫికర్ ఎందుకు?'

సార్ ఆమె వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. గిర్నీ గోడ దగ్గర నేను ఆయన వంక చూసిన చూపే అది. అన్నాళ్ళూ ఆయన గాలి చేత ముందుగా మాట ఇప్పించాలని తంటాలు పడుతున్నారు. పని తానే గాలి కోసం కాచుకుని ఉండగలదని ఆమె చెప్పింది. దక్షిణామూర్తి గారు బల్ల మీద మూడో గీత గీశారు. గీత వంకరగా వచ్చింది. చెరిపి మళ్ళీ గీశారు.

మర్నాడు సార్, ఇంజనీరు గారు, నేను ముగ్గురం ఊళ్ళోనే ఉన్నాం. పొద్దంతా గాలి లేదు. షెడ్డులో ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ కండెలు చుట్టారు. మధ్యాహ్నం దాటాక గుట్ట మీద రెక్కలు కదిలాయి. పైన సార్ శిష్యుడు మూడు బల్బుల చీకటి కోసం కాచుకుని స్విచ్ వేసి ఉంటాడు, షెడ్డులో కొత్తగా తగిలించిన బల్బు వెలిగింది. 'ఎక్కుండ్రే' అని లచ్చమ్మక్క కేకేసింది. మగ్గాలు నాలుగూ ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయి. ఇంజనీరు గారు ఆ చప్పుడు వింటూ, 'నీళ్ళకు గేటుంది, బొగ్గుకు పార ఉంది, గాలికి ఈవిడుందన్నమాట' అన్నారు. శ్రావణం వచ్చింది. తీగ కోయించలేదు.

గాలిమర ఇంకొన్నేళ్ళు తిరిగింది. సార్ రిటైరై, ఆ తర్వాత పోయారు. ఇరుసు బేరింగు అరిగితే మార్చేవాళ్ళు లేకపోయారు. రెక్కలు లేని స్తంభం గుట్ట మీద చాలాకాలం నిలబడే ఉంది. నేను పత్రికలో పెద్దవాణ్ణయ్యాను. నా కింద పనిచేసిన పిల్లలందరికీ నేనొక చాదస్తపు మనిషిని. ప్రతి వార్తకూ మూడు గళ్ళు అడిగేవాణ్ణి: తెలిసింది, కాదని తేలింది, తెలియనిది. మూడోది రాయడానికి సిగ్గుపడేవాళ్ళకు సమ్మయ్య సార్ కథ చెప్పేవాణ్ణి. జల్లులు పడవచ్చు అని రాస్తే ఎన్నడూ తప్పం, ఎవరికీ పనికీ రాం.

ఇప్పుడు దక్షిణాన కొండల మీద గాలిమరలు బారులు తీరి ఉన్నాయి. రేపు ఎంత కరెంటు ఇస్తారో ఇవాళే చెప్పాలన్న నియమం ఉంది. ఆకాశం నుంచి మబ్బులను చూసే యంత్రాలున్నాయి, విలేకరుల తువ్వాలలతో పనిలేదు. అయినా గాలి మాట తప్పుతూనే ఉంది. తప్పినప్పుడు ఆ నష్టం గాలిమరల వాళ్ళు మొయ్యాలా, కరెంటు కొనేవాళ్ళు మొయ్యాలా, లైను నడిపేవాళ్ళు మొయ్యాలా అన్న తగువు మీద మొన్న మా పత్రిక లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది. విద్యుత్ కమిషన్ ముందు మూడు పక్షాలూ వాదించాయట. విచారణ మళ్ళీ వాయిదా పడింది. దక్షిణామూర్తి గారి ఆనాటి ప్రశ్న ఇంకా మూడో గడిలోనే ఉంది.