కార్డు వెనక వైపు

మా కాలేజీ లైబ్రరీలో కేటలాగ్ చూసే ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు లేదమ్మ. ఎవరు ఏ పుస్తకం అడిగినా కంప్యూటర్‌లో వెతికి, కళ్లద్దాలు పైకి తోసుకుని "లేదమ్మా" అనేది. ఆ పేరు ఆవిడకీ తెలుసు. కోపం రాలేదు సరికదా, ఒకసారి ఫోన్‌లో నాతోనే "నేను, లేదమ్మని మాట్లాడుతున్నా" అంది. పక్క కుర్చీలో పదకొండేళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆవిడ బద్ధకస్తురాలు కాదు. వెతకడం ఆవిడకి వచ్చినట్టు మా లైబ్రేరియన్‌కి కూడా రాదు.

"పేరు మొత్తం కొట్టకు తల్లీ, గట్టి మాటలు రెండు చాలు" అనేది పిల్లలతో. "రాకపోతే మాట చివర కోసేసి నక్షత్రం గుర్తు పెట్టు, మిగతాది అదే పట్టుకొస్తుంది. అప్పటికీ రాకపోతే విషయం ఎంచుకుని, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకానో చెప్పు." ఇంత చేసినా రాలేదంటే ఆ పుస్తకం మా దగ్గర లేనట్టే అని ఆవిడ నమ్మకం. కార్డుల మీద ఉన్న కేటలాగ్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది ఆవిడే మరి. పద్నాలుగు నెలలు ఒంటిచేత్తో కొట్టింది.

ఆవిడ రిటైర్మెంటుకి మూడు నెలలుందనగా ఒక సోమవారం పొద్దున పరిశోధన చేసే అమ్మాయి ఒకతె వచ్చింది. చేతిలో ఉత్తరం. ఊళ్లో బావుల నీళ్లలో ఉప్పు ఎంత పెరిగిందన్నది ఆ పిల్ల పరిశోధన. ఏడేళ్ల కష్టం. ఇప్పటి లెక్కలు తనే వీధివీధీ తిరిగి తీసింది. నలభై ఏళ్ల కిందటి లెక్కలు మాత్రం ఒక బడి మాస్టారు సొంతంగా అచ్చు వేయించుకున్న చిన్న పుస్తకంలోవి. పరీక్షకుడు ఆ పుస్తకం కోసం వెతికాడట. ఎక్కడా దొరకలేదట. లేని పుస్తకం పేరు చెప్పి అంకెలు అల్లినట్టుంది, శుక్రవారం మధ్యాహ్నంలోగా పుస్తకం చూపించకపోతే పరిశోధన రద్దు చేయాలి అని రాశాడు.

"ఇక్కడే చదివానండీ, ఆరేళ్ల కిందట" అంది ఆ పిల్ల. "అప్పుడు ర్యాకులు తెరిచే ఉండేవి కదా. కిటికీ పక్క ర్యాకులో కంటపడింది. నోట్సు రాసుకున్నా, జిరాక్స్ తీసుకోలేదు. నా ఖర్మ."

లేదమ్మ వెతికింది. పేరుతో సున్నా. మాస్టారి ఇంటిపేరుతో సున్నా. బావి, నీరు, ఉప్పు, నక్షత్రాలు పెట్టి, తీసేసి, అటుతిప్పి ఇటుతిప్పి గంటసేపు చూసింది. తర్వాత కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"లేదమ్మా."

"ఉందండీ. చేత్తో పట్టుకున్నాను."

"ఇంకో లైబ్రరీలో పట్టుకుని ఉంటావు. నేను ఎక్కించని పుస్తకం ఇక్కడ లేదు."

ఆ పిల్ల బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే అంది, "మధ్యలో ఉండేదండీ. లావు పుస్తకం ఒకటి, దాని మధ్యలో."

"మధ్యలోనా?" అంది లేదమ్మ. నాకేం అర్థం కాలేదు. ఆవిడ లేచి, కార్డుల బీరువా ఒకప్పుడు ఉండే మూల దాకా నడిచి, ఖాళీ గోడని చూసి వెనక్కి వచ్చింది.

సంగతేమిటంటే, పాతరోజుల్లో మా దగ్గర పల్చటి పుస్తకాలు నాలుగైదు కలిపి ఒకే బైండు చేయించేవారు. విడిగా ఉంటే ర్యాకు వెనక్కి జారి పోతాయని. మొదటి పుస్తకం పేరు కార్డు ముందు వైపు రాసేవారు, మిగతావి వెనక వైపు. కార్డులకి కింద చిల్లు, ఆ చిల్లులోంచి ఇనపకడ్డీ. కడ్డీ లాగితే గానీ కార్డు బయటికి రాదు. రోజుకి రెండొందల కార్డులు కొట్టాలని పైవాళ్ల హుకుం. ఆవిడ కడ్డీ లాగలేదు. కార్డుల్ని వేలితో వంచుకుంటూ ముందు వైపు మాత్రమే చూసి కొట్టుకుంటూ పోయింది. పని అయ్యాక కార్డులన్నీ తుక్కు కింద పోయాయి.

"ఎన్ని పుస్తకాలో నాకే తెలీదు" అంది నాతో మెల్లగా. "అడిగిన ప్రతివాళ్లకీ లేదని చెప్పి పంపాను."

ఇదివరకైతే ర్యాకులు తిరగేసి వెతికేవాళ్లం. మూడేళ్లుగా పాత పుస్తకాలన్నీ ఊరి చివర గిడ్డంగిలో పెట్టెల్లో ఉన్నాయి. పెట్టెల్లో సర్దింది సైజుని బట్టి, విషయాన్ని బట్టి కాదు. అక్కడికి ఎవర్నీ పోనివ్వరు. కేటలాగ్‌లో నంబరు చూసి అడిగితే, మర్నాడు మూడింటికి వ్యాన్‌లో వస్తుంది. రోజుకి ఐదే. కేటలాగ్‌లో లేనిది గిడ్డంగిలో ఉన్నా ఒకటే, గంగలో ఉన్నా ఒకటే.

అప్పుడు లేదమ్మ చేసిన పని చూసి నేను నోరు తెరిచాను. ఉన్న పుస్తకాన్ని వెతకడం మానేసి, తన తప్పుని వెతకడం మొదలుపెట్టింది. కార్డు ముందు వైపు పేరు ఒక్కటే ఉన్నా, పేజీల సంఖ్య మాత్రం బైండు మొత్తానిది. విజ్ఞానం అన్న విషయం ఎంచుకుని, సంవత్సరాలకి హద్దు పెడితే ఆరొందల పైచిలుకు వచ్చాయి. ఆవిడా ఆ పిల్లా చెరో కుర్చీ లాక్కుని ఒక్కో దాని పేజీలు చూస్తూ కూర్చున్నారు. "ఈగలు, వాటి నివారణ" అన్న చిట్టి పుస్తకానికి నాలుగొందల పన్నెండు పేజీలట. అన్ని పేజీలు రాస్తే ఈగలు విసుగొచ్చి వాటంతట అవే పోతాయన్నాను. ఎవరూ నవ్వలేదు. సాయంత్రానికి అలాంటివి పది తేలాయి.

మంగళవారం ఐదు వచ్చాయి. ఒక్కో బైండు తెరుస్తుంటే లోపల్నుంచి కేటలాగ్ ఎరగని పుస్తకాలు. చీడల మీద, మట్టి మీద, గాలివానల లెక్కల మీద. బావుల మీద లేదు. బుధవారం ఇంకో ఐదు. వాటిలోనూ లేదు. ఆ పిల్ల గోళ్లు కొరికి కొరికి వేలి చివర పచ్చిపుండు చేసుకుంది. లేదమ్మ రెండు రోజులుగా డబ్బా మూత తీయలేదు. నేను తినమంటే "గొంతు దిగదు చెల్లీ" అంది.

గురువారం ఆవిడకి ఇంకోటి తట్టింది. వెతికే పేజీ పక్కన చిన్న గడి ఒకటుంటుంది, "అందుబాటులో ఉన్నవి మాత్రమే" అని. దానికి టిక్కు ముందే పెట్టి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఆవిడ ఆ టిక్కు తీసేసి మళ్లీ వెతికింది. పదకొండోది వచ్చింది. "ఇసుక కుండతో నీటి వడపోత", మూడొందల ఎనభై ఎనిమిది పేజీలు.

"ఇదే" అంది ఆ పిల్ల లేచి నిలబడి. "మొదట్లో కుండ బొమ్మ ఉండేది. ఇదేనండీ, ఇదే."

దాని కింద ఇంకో వరుస ఉంది. తొలగించినది, రెండో ప్రతి. పక్కన తేదీ, తొలగించినవారి గుర్తు.

ఆ గుర్తు నాది.

గిడ్డంగికి మార్చే ముందు ఒకే పుస్తకం రెండు ప్రతులుంటే ఒకటి తీసేయమన్నారు. ఆ జాబితా వేసింది నేను. ఇసుక కుండ పుస్తకం మా దగ్గర రెండు చోట్ల ఉంది, ఒకటి పల్చగా విడిగా, ఒకటి ఈ బైండులో. పేరు కలిసింది, రచయిత కలిశాడు. ఒకదానికి ఇరవై నాలుగు పేజీలు, ఇంకోదానికి మూడొందల ఎనభై ఎనిమిది అని కళ్లెదుటే రాసి ఉంది. నేను చూడలేదు. కాగితం మిల్లుకి పోయిన లారీలో ఆ బైండు ఉంది.

ఆ పిల్లకి గుర్తులు తెలియవు. లేదమ్మకి తెలుసు. తెర వంక చూసింది, నా వంక చూసింది, పేజీ మూసేసింది. నేను రిజిస్టరు తిరగేస్తున్నట్టు తల వంచుకున్నాను.

శుక్రవారం ఆవిడ పది బైండ్లూ తోపుడు బండి మీద పెట్టుకుని ఆ పిల్ల పరిశోధన తేల్చే కమిటీ గదికి తోసుకుపోయింది. లోపల నలభై మూడు పుస్తకాలు, కేటలాగ్‌లో పది పేర్లు. ఒక్కోటి తెరిచి చూపించి, ఆ అమ్మాయి చదివిన పుస్తకం ఇలాగే మా దగ్గర ఉండేదనీ, ఎక్కించనిదీ తనే, పారేసిందీ తనే అనీ రాసి సంతకం పెట్టింది. కమిటీ ఆ పిల్ల అంకెలు అల్లలేదని ఒప్పుకుంది. రద్దు చేయలేదు. కానీ పుస్తకం చూపలేని అంకెలు ఉంచడానికి వీల్లేదని ఆ అధ్యాయం కొట్టేసింది. అవి పోతే ఏడేళ్ల లెక్కల్ని దేనితో పోల్చాలి? మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టమన్నారు. లేదమ్మని మిగిలిన మూడు నెలలూ రానక్కర్లేదన్నారు.

ఆ పిల్ల మొదలుపెట్టలేదు. నెల తర్వాత చదువు మానేస్తూ, పుస్తకాలేవీ బాకీ లేవన్న కాగితం కోసం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆవిడ చాలా కష్టపడ్డారు నాకోసం" అంది. "అయినా ఆవిడ మీద కోపం పోవట్లేదండీ. ఎంత ప్రయత్నించినా పోవట్లేదు."

"ఎలా పోతుందమ్మా" అన్నాను. కాగితం మీద ముద్ర వేసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.