పలకలు ఆగిన పూట

మా సారు పోయారన్న కబురు ఛత్రినాక నుంచి గిర్నమ్మ పంపింది. సైకిలు మీద వచ్చిన మనిషి ఆఫీసు గుమ్మంలో నిలబడి, "సారు తెల్లారంగనే పోయిండట. మీకు చెప్పి రమ్మంది" అని వెళ్లిపోయాడు. నా ముందు ఒక లెక్క సగంలో ఉంది. ఏం చేయాలో తోచక దాని మీదే ఇంకో రెండు అంకెలు వేశాను. రెండూ తప్పే.

కరెంటు ఆఫీసులో మాకు పని నేర్పిన మనిషి ఆయన. అన్నదమ్ములంతా గుడి సేవలో ఉండిపోతే ఈయనొక్కరు తీగల సేవకు వచ్చారు. నుదుట నామం, చంకలో గొడుగు. ఆ గొడుగు విప్పగా నేనెన్నడూ చూడలేదు. వాన పడితే తడిసేవారు. దాంతో నేల మీద బొమ్మలు గీసేవారు, దారిలో మేకల్ని అదిలించేవారు, మా లెక్క తప్పితే చెప్పు మీద ఒక్క పోటు పొడిచేవారు. ఇరానీ హోటల్లో చాయ్ సగం సాసర్లో పోసి పక్కవాడికి జరపనిదే తాగేవారు కాదు. "ఇంట్ల చెప్పకుండ్రి భాయ్, లొల్లి అయితది" అనేవారు. ఆయన హోటలుకు వెళ్తారని ఇంట్లో అందరికీ తెలుసు.

గల్లీల్లో కరెంటు లైను చెట్టులాగా సాగుతుంది. ఒకటే మొదలు, దానికి కొమ్మలు, కొమ్మలకు చివర్లు. చివరి ఇంటికి ఎంత వోల్టేజి అందుతుందో తెలియాలంటే తీగలో ఎంత కరెంటు పారుతుందో తెలియాలి. అది తెలియాలంటే వోల్టేజి తెలియాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్నట్టు. అందుకని ముందు ఏదో ఒకటి అనుకుని మొదలుపెట్టి, సరిదిద్దుకుంటూ తిరిగి తిరిగి వస్తే ఎక్కడో ఒకచోట అంకెలు మారడం మానేస్తాయి. లెక్క కుదరడమంటే అదే. కాగితం మీద అది నా తలకెక్కలేదు.

సారు మమ్మల్ని కాగితం ముందు నుంచి లేపి గల్లీలోకి తోలుకుపోయారు. చేతికి పలక, బలపం ఇచ్చి, కొమ్మ విడిపోయే ప్రతి స్తంభం దగ్గరా ఒకణ్ణి నిలబెట్టారు. చివరివాడు తన ఇళ్లు వాడే కరెంటు రాసి, నడిచి వెళ్లి ముందువాడికి చెప్పాలి. వాడు తనది కలిపి ఆ ముందువాడికి. అలా మొదలు దాకా పోయాక, అక్కడి నుంచి వోల్టేజి తిరుగుప్రయాణం కడుతుంది. ఒక్కొక్కడు, కాగితంలో రాసున్న పొడవును బట్టి తన తీగలో పోయినంత తీసేసి, మిగిలింది వెనకవాడికి అందించాలి. ఆ కొత్త వోల్టేజితో మళ్లీ చివరివాడి నుంచి. ఎవడి పలకా చెరపనక్కర్లేని రౌండు వచ్చిందంటే పని అయినట్టు. గల్లీవాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవారు. మాకూ నవ్వొచ్చేది, మొదటిసారి పలకలన్నీ ఆగిపోయిన రోజు దాకా. బలపాలు చేతుల్లో అలాగే ఉండిపోయాయి.

గిర్నమ్మ సంగతి ఆ తర్వాతిది. లైను చివరన పిండి పట్టే గిర్ని ఆమెది. పెనిమిటి లేడు, ఇల్లంతా ఆ గిర్ని మీదే బతకాలి. పాత ఆయిలింజను ఇక బాగుపడదని తేలాక దాన్ని అమ్మేసి కరెంటు మోటారు తెచ్చుకుంది. దానికి బొట్టు పెట్టి, గోనెసంచి కప్పి, కనెక్షన్ కోసం ఎదురుచూస్తోంది. ఆఫీసులో లెక్క కుదరలేదు. "లైను మోయలేదు, ఇవ్వరాదు" అని కాగితం తయారైంది, సంతకమే తరువాయి. సారు ఒక్క పూట గడువు అడిగి మమ్మల్ని వెంటబెట్టుకుని వచ్చారు.

నాది చివరి స్తంభం, గిర్ని ఎదురుగానే. గిర్నమ్మ గడప మీద కూర్చుని నా పలకనే చూస్తోంది. మోటారు మొండిది. వోల్టేజి తగ్గితే సర్దుకోదు, ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. లాగినకొద్దీ వోల్టేజి ఇంకా పడిపోతుంది. రౌండు రౌండుకూ నా పలక మీద అంకె దిగిపోతూనే ఉంది.

"తగ్గుతున్నదా బిడ్డా?"

"తగ్గుతున్నదమ్మా."

సారు అందర్నీ అడుగుతూ వచ్చారు. ఒక్క అంకెతోనే మొదలుపెట్టినమా? ఎవరన్న ఒక కొమ్మ మర్చిపోయిన్రా? రెండుసార్లు కలిపిన్రా? అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎండకు విసిగిన మావాడొకడు, "ఈ రౌండుకు ఆపి రాసేద్దాం సార్" అన్నాడు. సారు గొంతు లేవడం విన్నది అప్పుడే. "ఆగని లెక్కను నువ్వు ఆపితే అది ఆగినట్టు కాదు. లెక్కను తిట్టకు, తీగను తిట్టకు. ఎవరి మాట నమ్మి మొదలువెట్టినవో అది చూడు."

గిర్ని ఆగినప్పటి నుంచి పక్కింట్లో మిరపకాయలు రోట్లో దంచుకుంటున్నారు. ఆ ఘాటుకు నేను గల్లీ అదిరేలా ఒక్క తుమ్ము తుమ్మాను.

"ఒంటి తుమ్ము!" గిర్నమ్మ మొహం మాడిపోయింది. "ఇగ నా గిర్ని నడిసినట్టే."

గల్లీ మలుపు అవతల, నా ముందు స్తంభం దగ్గరున్న సారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు.

"తుమ్మిందెవరు?"

"నేనే సార్."

"ఇంకోసారి తుమ్ము."

"తుమ్మమంటే వస్తదా సార్?"

"అయితే దగ్గు." మలుపు తిరిగి వెళ్లిపోయారు. నేను దగ్గాను. "వినవడ్డది!" అని అవతలి నుంచి కేక. మళ్లీ వచ్చినప్పుడు ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "ఈ రెండు స్తంభాల నడుమ కాగితంల ఉన్నంత దూరమే ఉంటే, నీ దగ్గు నాకు వినవడాల్నంటే నువ్వు ఏనుగువై పుట్టాలె భాయ్."

అప్పటికి ఆఫీసు కాగితాలు సగం ఉర్దూలో, సగం ఇంగ్లీషులో ఉండేవి. పాత లైను గజాల్లో కొలిచారు. తర్వాత సాగదీసిన ఆ చివరి ముక్కను ఎవరో అడుగుల్లో కొలిచారు. ఇంకెవరో రెండింటినీ గజాల కిందే ఎత్తిరాశారు. కాగితం మీద ఆ ముక్క ఉన్నదానికి మూడింతలైంది. దాని మీద నడిచి నడిచి చెప్పులరగదీసిన మాకు ఎవరికీ తట్టలేదు. సారు తాడు తెప్పించి కొలిపించారు.

మళ్లీ మొదలుపెట్టాం. అంకె దిగింది, కొంచెం దిగింది, ఆగింది. లైను మొదలు నుంచి కబురు వచ్చింది: ఎవరి పలకా మారలేదు. నేను పలకను గిర్నమ్మ వైపు తిప్పాను. ఆమెకు చదువు రాదు. "ఆగిందా?" అంది. ఆగిందన్నాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సారు దగ్గరికొచ్చి, "నువ్వు గిర్ని నడుపుతే గల్లీ దీపాలు రవ్వంత తగ్గుతయ్. ఆపితే రవ్వంత పెరుగుతయ్. గంతే, ఫికర్ చెయ్యకు" అన్నారు. కనెక్షన్ ఇచ్చిన రోజు మీటరు పెట్టి చూస్తే ముల్లు నా పలక మీది అంకె దగ్గరే నిలిచింది. ఆయన ముల్లు వంక చూడనైనా లేదు, చాయ్ తాగుదాం పదండన్నారు. మనిషన్నవాడు కంటికి కనపడనిదాన్ని అంత కచ్చితంగా ఎలా పట్టుకుంటాడో నాకు ఈనాటికీ విడ్డూరమే.

ఉప్పుగూడలో ఆయన ఇంటి నుంచి పాడె ఆ గల్లీలోంచే వచ్చింది. ముందుగా అనుకున్నది కాదు గానీ, మేమంతా ఎవరి స్తంభం దగ్గర వాళ్లం నిలబడి ఉన్నాం. పాడె నా ముందు నుంచి కదిలి, మలుపు తిరిగి, ఒక్కొక్క స్తంభం దాటుకుంటూ లైను మొదలు వైపు వెళ్లిపోయింది. అటు వెళ్లినదానికి బదులుగా ఏదో ఒకటి తిరిగి నా దాకా రావడం అలవాటు. ఒట్టి చేతులతో చాలాసేపు నిలబడే ఉన్నాను.

నా వెనక గిర్నమ్మ లోపలికెళ్లి, నడుస్తున్న గిర్నిని ఆపేసింది. ఆ చీకటి కొట్లో, పిండి పట్టిన బల్బు వెలుగు రవ్వంత పెరిగి, అక్కడే నిలిచింది.