మారెక్క పెట్టిన ఊరుబిండి

ఊరికో ఉప్పు, ఇంటికో కారం అంటాడు పత్రికలో తిండి ముచ్చట్లు రాసే రాఘవేంద్ర. ముద్దను ముందు వాసన చూసి, కళ్లు మూసుకొని నములుతాడు. ఏది కణేకల్ సంగటో, ఏది రాప్తాడు సంగటో చెప్పేస్తాడని పేరు. రెండువేల రెండు కరువులో, ఉరవకొండ పక్క పల్లెలో, మారెక్క అనే రైతు ఇల్లాలు అతనికి సంగటిలోకి చెనక్కాయల ఊరుబిండి, అదే వేరుశెనగ పచ్చడి, పెట్టింది. నాలుకకు వేపాకు చేదు తగిలింది. వేపాకు వేసి దాచేది విత్తనాలనే! ఇంటికొచ్చిన మనిషి కోసం విత్తనాల మూట విప్పేసింది మహాతల్లి.

అంతలో మొగుడు తిప్పయ్య వచ్చి గిన్నె చూసినాడు. "కాయలు యాడివే?"

"పక్కింట్లో అడిగి తెచ్చినా."

తిప్పయ్య రాఘవేంద్ర వైపు తిరిగినాడు. "నీ నాలుక అబద్ధమాడదంట కదా సామీ. ఇది విత్తనమా?"

"కాదన్నా" అంటూ, తిప్పయ్య వేలు పెట్టేలోపే రాఘవేంద్ర గిన్నె లాక్కొని అడుగంటా నాకేసినాడు.

తిప్పయ్య నవ్వినాడు. "తిను సామీ, తిను. మబ్బు పట్టుండాది, రేపు విత్తనాల మూట విప్పి విత్తుతాం."