మనవరాలు రైల్లో, నేను ప్లాట్‌ఫారం మీద

పెళ్లయిన కొత్తలో నాగపూర్‌లో ఉన్నాం, నాకు హిందీ వచ్చు. అందుకే కూతురి దగ్గరికి ఈ పరాయి దేశం వచ్చాక, హిందీలో ఇంగ్లీషు నేర్పే వీడియోలు చూస్తుంటాను. ఇవాళ రైల్లో యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ పాఠం వల్లిస్తూ జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో దిగేశాను. తలుపులు మూసుకున్నాక చూస్తే మనవరాలు అన్వి లోపలే ఉంది!

ఏడుస్తూ స్టేషన్ ఉద్యోగి దగ్గరికి పరుగెత్తాను. ఆ కంగారులో నోటికి పాఠంలోని వాక్యమే వచ్చింది.

"ద గ్లాస్ వాజ్ బ్రోకెన్ బై మోహన్!"

అతను గాజు పెంకుల కోసం నేలంతా చూశాడు. "హూ ఈజ్ మోహన్, ఆంటీ?"

"మోహన్ కాదు నాయనా, నా బంగారుతల్లి!" అని తెలుగులోనే మొత్తుకుంటూ ఫోన్‌లో దాని ఫొటో చూపించాను. అంతలో అతని వాకీటాకీ మోగింది. తర్వాతి స్టేషన్‌లో ఒక పాప దిగి, ఇక్కడివాళ్ల యాసలో ఫిర్యాదు చేసిందట.

"మై అమ్మమ్మ ఈజ్ లాస్ట్ లా. షి విల్ క్రై. ప్లీజ్ ఫైండ్ హర్ ఫాస్ట్."

వాళ్లు దాన్ని తెచ్చి అప్పగించాక, ఇంటికొచ్చేదాకా అది నా చెయ్యి వదల్లేదు. దాని తల్లి ఆఫీసు నుంచి వచ్చే వేళయింది. ఇద్దరిలో ఎవరు తప్పిపోయారని చెప్పమంటారు?