పేరు పెట్టి పిలిస్తే పలకొద్దన్నారు

నా చిన్నప్పుడు మా ఆదోనికి వచ్చిన దయ్యానికి చదువు వచ్చు. దీపాలు పెట్టే వేళకు అది వీధిలోకి దిగి, ఇంట్లోవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికినవాళ్లు రక్తం కక్కుకుని చస్తారనీ చెప్పుకునేవారు. తలుపు మీద ‘రేపు రా’ అని రాసి ఉంటే మాత్రం చదువుకుని బుద్ధిగా వెనక్కి పోతుందట. కన్నడ సీమ నుంచి వచ్చిన దయ్యం తెలుగు ఎట్లా చదువుతుందని అడిగే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేకపోయింది. ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ ఏడు పత్తి కాలమంతా నేను అమ్మ కొంగు వదల్లేదు.

మాది పత్తి మండీల వీధి. రైతులు తెచ్చిన పత్తిని అమ్మిపెట్టే అంగళ్లు ఒక వరస, ఎదురుగా జిన్నింగు మిల్లు, మూల మీద టీ హోటలు, దాని పక్కన పెళ్లి బ్యాండు వాళ్ల గది. మా నాన్నదీ ఒక మండీ. దాని వెనక గోదాము, గోదాముకు ఆనుకుని మా ఇల్లు. మండీ తలుపు మీద కూడా నాన్న సుద్దతో ‘రేపు రా’ అని రాయించాడు. పెద్దకడుబూరు నుంచి బండి తోలుకొచ్చిన రైతు ఒకాయన అది చూసి, తననే రేపు రమ్మన్నారనుకుని విసుక్కుంటూ బండి తిప్పుకుపోయాడు.

శనివారం సాయంత్రం మా వీధిలో భజన జరిగేది. ఒక్కో వారం ఒక్కో అంగడి వంతు. వంతు వచ్చినవాళ్లు జంపఖానా పరిచి, చివర్లో బొరుగులూ బెల్లమూ పంచాలి. బ్యాండు గది నుంచి హార్మోనియం వచ్చేది. మిల్లులో పనిచేసే ఫిట్టరు తబలా పట్టేవాడు. ముందు పాడేది మాత్రం పక్కింటి అక్క. టైలరు గారి కూతురు, పెళ్లి కావలసిన పిల్ల. ఆమె ఒక ముక్క పాడి ఆపితే పిల్లలందరం తర్వాతి ముక్క అందుకోవాలి. ‘కొండ మీది హనుమయ్యా’ అని ఆమె అంటే ‘కొండ దిగి రావయ్యా’ అని మేము. రణమండల కొండ మీది స్వామి కోసం మా వీధివాళ్లే కట్టుకున్న పాట అది. అందుకోవడం ఆలస్యమైందా, అక్క చేతిలోని తాళం మా నెత్తిన మోగేది.

ఆ శనివారం మా మండీ వంతు. అమ్మ బొరుగులు చెరుగుతూ నాకు మళ్లీ అదే పాఠం చెప్పింది. “పొద్దు గూకినాంక ఎవురు పిలిచినా పలకొద్దు. నా గొంతైనా సరే, మీ నాయన గొంతైనా సరే.” నేను తలూపి జంపఖానా తేవడానికి గోదాములోకి వెళ్లాను. మనిషెత్తు గోనెసంచుల్లో పత్తి కూరి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. వాటిని మేము బోరేలు అనేవాళ్లం. వాటి మీదికెక్కి జంపఖానా లాగుతుంటే కాలు జారి, బోరేలకూ గోడకూ మధ్య సందులో పడ్డాను. నా వెనకే ఒక బోరెం దొర్లి నా మీద కూర్చుంది.

దెబ్బ తగల్లేదు, పత్తి కదా. కానీ చేతులు కదలవు. మొహం నిండా గోనె, ముక్కులో నూగు. ఊపిరి సగమే లోపలికి వస్తోంది. అరిచాను. ఆ అరుపు పత్తిలోనే ఇంకిపోయి నాకే సరిగ్గా వినబడలేదు. ఎదురు మిల్లు మోత మాత్రం గోడలోంచి వస్తూనే ఉంది. పై కిటికీలో వెలుగు పోయింది.

అప్పుడు ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. అమ్మ గొంతు లాగే ఉంది, కానీ అంత పత్తిని దాటి వచ్చేసరికి సన్నగా, ముక్కుతో పలికినట్టు ఉంది. “యాడుండావే తల్లీ? పలుకే!” అని బతిమాలుతోంది. పలకమని అంతగా బతిమాలుతోందంటే అది దయ్యమేనని నాకు రూఢి అయిపోయింది. పళ్లు బిగించాను. తర్వాత అది నాన్న గొంతుతో పిలిచింది. తలుపు తీసుకుని గోదాములోకే వచ్చేసింది. లాంతరు వెలుగు పైకప్పు మీద ఊగింది. అసలే చాలని ఊపిరిని కూడా బిగబట్టాను. “ఈడ లేదు” అన్న మాట, తలుపు మూసిన చప్పుడు, తాళం పడిన చప్పుడు. నన్ను కనిపెట్టలేక దయ్యం పోయిందని, నిజం చెబుతున్నాను, నాకు సంతోషమేసింది.

బయట జరిగింది తర్వాత అమ్మ చెప్పింది. వీధి వీధంతా బస్టాండుకూ, రైలు గేటుకూ, కొండ దారికీ పరుగెత్తారట. అక్క మాత్రం అమ్మ దగ్గరికి వచ్చి, “బిడ్డకు ఏం సెప్పినావు పిన్నమ్మా?” అని అడిగిందట. పలకొద్దని చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చి అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. “అట్లయితే ఎవురూ పేరు పెట్టి పిలవొద్దండి” అని అక్క అందరినీ ఆపేసింది. ఫిట్టరును పంపి మిల్లు ఆపించింది. హోటల్లో రేడియో కట్టేయించింది. ఎద్దుల మెడ గంటలు చేత్తో పట్టుకోమని బండ్లవాళ్లకు చెప్పింది. ఇంటింటి ముందూ, అంగడంగడి ముందూ నిలబడి ఒక ముక్క పాడి, ఆగి, చెవి పెట్టి వింటూ వచ్చిందట.

లోపల నాకు తెలిసింది మిల్లు మోత ఆగిపోవడమే. దాంతో భయం ఇంకా ఎక్కువైంది. లోకంలో నేనొక్కదాన్నే మిగిలాననిపించింది. ఊపిరి అందక కళ్ల ముందు చుక్కలు తిరుగుతున్నాయి. ఆ మగతలో ‘కొండ మీది హనుమయ్యా’ అని వినబడింది. ఎప్పుడూ పాడినట్టే పాడి, ఎప్పుడూ ఆపే చోటే ఆపింది. అందులో నా పేరు లేదు. పలకమని ఎవరూ అడగడం లేదు. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. కాసేపటికి మళ్లీ వినబడింది, ఈసారి గోదాము తలుపు దగ్గరే. పాడి ఆపింది. ఆ ఆపిన చోటును అట్లాగే వదిలేయడం నాచేత కాలేదు. ‘కొండ దిగి రావయ్యా’ అన్నాను. పాటేం కాదది, పిల్లికూన మూలుగు.

హమాలీలు బోరేలు లాగి అవతల పారేశారు. అమ్మ నన్ను కౌగిలించుకుంది, వెంటనే వీపు మీద రెండు వేసింది, మళ్లీ కౌగిలించుకుంది. అక్క తలుపు దగ్గర నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది. బయటపడిన నాకంటే ఆమె ఎందుకు ఎక్కువగా ఏడుస్తోందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

చాలా ఏళ్ల తర్వాత, ఎమ్మిగనూరులో ఆమె అత్తగారింటికి వెళ్లినప్పుడు, అంత ధైర్యం ఎక్కడిదక్కా అని అడిగాను. “నాకేం ధైర్యమే? పాడేది సులువు. పాడి ఆపినాంక, నువ్వు పలుకుతావో లేదోనని నిలబడుకునేది ఉంది సూడు, అదే కాళ్లు వణికిచ్చింది. ఇంగొక తూరి పాడే గొంతు నాకు లేదు ఆ పొద్దు” అంది.

నేను బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. బడికి కొత్తగా వచ్చి బల్ల కింద దూరి వణికే పిల్లను పేరేమిటని నేనెన్నడూ అడగలేదు. భయపడొద్దనీ అనలేదు. పక్కన నేల మీద కూర్చుని, దానికి ఇంట్లో వచ్చిన పాట ఏదో కనుక్కుని, సగం పాడి ఆపేదాన్ని. చూసినవాళ్లు టీచరమ్మకు ఎంత ఓపికో అనేవాళ్లు. ఓపిక కాదది. ఆ పిల్ల గొంతు వినబడేదాకా నేనూ వణుకుతూనే ఉండేదాన్ని.